ల్యాబ్ లేదని ఆగకండి: హైదరాబాద్ సైన్స్ టీచర్లకు కొన్ని పనికొచ్చే మాటలు

మీ స్కూల్లో సైన్స్ ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువా, అందులో పగిలిన టెస్ట్‌ట్యూబులు, ఎవరూ ముట్టని ఒక మైక్రోస్కోపు మాత్రమే అయితే ఇది మీకోసమే రాస్తున్నా. సర్కారు బడి కావచ్చు, గల్లీలో మూడంతస్తుల బిల్డింగ్‌లో నడిచే చిన్న ప్రైవేటు స్కూలు కావచ్చు, ఇబ్బందులు దాదాపు ఒకటే: ముప్పావు గంట పీరియడ్, యాభై మంది పిల్లలు, నెత్తి మీద సిలబస్ టెన్షన్. వీటిని రేపటికల్లా మార్చడం మన చేతుల్లో లేదు. వారానికి ఒక్క ప్రయోగం, అదీ పిల్లలు తమ చేతులతో చేసేది, పెట్టుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఒక్కటి చాలు. రోజూ ఏదో ఒకటి చేయాలని మొదలుపెట్టినవాళ్లు దసరా సెలవులు వచ్చేసరికే అలసిపోయి మానేయడం చూశాను, వారానికి ఒకటి అనుకున్నవాళ్లు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు.

ఏ ప్రయోగం ఎంచుకోవాలి? ఆదివారం పూట వచ్చే వారం పాఠం తిరగేసి, పిల్లలు అర్థం కాకుండా బట్టీ పట్టే చోటు ఎక్కడుందో వెతకండి. ప్రయోగం అక్కడే పడాలి. పదో తరగతిలో ఎలక్ట్రిక్ మోటార్ బొమ్మ చూడండి. స్ప్లిట్ రింగులు, బ్రష్‌లు అని పిల్లలు చక్కగా గీసి పేర్లు రాసేస్తారు, ఆ రింగు ఎందుకు చీలి ఉండాలో అడిగితే మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. అదే మోటార్‌ను ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఒక రింగు అయస్కాంతం, కాస్త ఎనామిల్ రాగి తీగతో బల్ల మీద తిప్పొచ్చు. తీగ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మీ బస్తీలో మోటార్ వైండింగ్ చేసే షాపులో అడిగితే మిగిలిన ముక్కలు ఇస్తారు. అయస్కాంతాలు, చిన్న బల్బులు, స్విచ్‌లు, సెల్ హోల్డర్ల లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఒకసారి వెళ్లి ఏడాదికి సరిపడా తెచ్చుకోండి.

తీగను మార్కర్ పెన్ను చుట్టూ పది పదిహేను చుట్లు చుట్టి, రెండు కొసలూ చెరోవైపు తిన్నగా బయటికి వదలాలి. పిన్నీసులను సెల్లు రెండు చివరలకూ ఆనించి రబ్బరు బ్యాండుతో బిగించి, వాటి రంధ్రాల్లో కొసలు ఆనేలా చుట్టను కూర్చోబెట్టి, అయస్కాంతాన్ని కింద సెల్లు మీద పెట్టాలి. అసలు కిటుకు కొసలు గీకడంలో ఉంది, చాలామంది దగ్గర మోటార్ తిరగనిది ఇక్కడే. ఒక కొసకు ఎనామిల్ పూత చుట్టూ మొత్తం గీకేయాలి. రెండో కొసకు సగమే: చుట్టను నిలువుగా పట్టుకుని, కొసను బల్ల అంచు మీద ఆనించి, పైకి కనిపించే వైపు మాత్రమే గీకి, కింది వైపు పూత అలాగే ఉంచాలి. అప్పుడు సగం తిరుగుడులో కరెంటు పారుతుంది, మిగతా సగంలో ఆగుతుంది, ఆ ఊపుతోనే చుట్ట ముందుకు తిరుగుతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకేస్తే సగం తిరుగుడులో ముందుకు, మిగతా సగంలో వెనక్కి తోపు పడి, కాస్త ఊగి ఆగిపోతుంది. ఒక గ్రూపుకు సరిగ్గా గీకిన తీగ, ఇంకో గ్రూపుకు పూర్తిగా గీకిన తీగ ఇచ్చి, మీది తిరుగుతోంది, వాళ్లది ఎందుకు తిరగట్లేదు అని అడగండి. ఆ వాదనలోంచే కామ్యుటేటర్ (అంటే ఆ చీలిన రింగే) పని ఏమిటో బయటికొస్తుంది, అసలు స్ప్లిట్ రింగు కరెంటును ఆపకుండా దిశ మారుస్తుందని ఆ తర్వాత చెబితే ఇట్టే ఎక్కుతుంది. తిరక్కపోతే వేలితో చిన్నగా తోయమనండి, చుట్ట ఒకవైపు బరువుగా ఉందేమో చూడమనండి. సెల్లు వేడెక్కుతుంది కాబట్టి ఎక్కువసేపు అలాగే వదలొద్దు.

ఇలాంటి చవక ప్రయోగాలు వందల కొద్దీ కావాలంటే అరవింద్ గుప్తా వెబ్‌సైట్ చూడండి. పారేసే వస్తువులతో బొమ్మలు చేసి సైన్స్ నేర్పడమే జీవితంగా పెట్టుకున్న మనిషి, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. వీడియోలు, పుస్తకాలు అన్నీ ఉచితం. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (స్క్రీన్ మీద చేసే ప్రయోగాలు) కూడా ఉచితమే, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. ఒక్క మాట, సర్క్యూట్ సిమ్యులేషన్ చూపించే ముందు నిజం బల్బు, నిజం సెల్లు ఒక్కసారైనా పిల్లల చేతిలో పెట్టండి. స్క్రీన్ మీద వెలిగే బల్బుకు, తన చేతిలో వెలిగిన బల్బుకు పిల్ల ముఖంలో ఎంత తేడా ఉంటుందో మీరే చూస్తారు.

కెమిస్ట్రీకి కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. మందార రేకులు వేడినీళ్లలో నానబెడితే ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే సూచిక తయారు: నిమ్మరసంలో ఎర్రబడుతుంది, సబ్బునీళ్లలో ఆకుపచ్చగా మారుతుంది. ఇది అందరికీ తెలిసిందే. నాకు ఇంకా నచ్చేది కఠిన జలం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుండి సబ్బుకు సరిగా నురగ రాని నీళ్లు) ప్రయోగం, ఎందుకంటే అది మన ఊరి సమస్య. పిల్లలను ఇంటి నుంచి ఒక్కో సీసా నీళ్లు తెమ్మనండి, కొందరు నల్లా నీళ్లు, కొందరు బోరు నీళ్లు, కొందరు ట్యాంకర్ నీళ్లు తెస్తారు, మీరు ఫిల్టర్ నీళ్ల సీసా ఒకటి వాటి పక్కన పెట్టండి. ఒకే రకం సీసాల్లో ఒకే కొలత నీళ్లు పోసి, తురిమిన ఒంటి సబ్బు తలా చిటికెడు వేసి, లెక్కపెట్టి ఇరవై సార్లు కుదిపించి, నురగ ఎంత ఎత్తు లేచిందో స్కేలుతో కొలిపించండి. సబ్బే వాడాలి. షాంపూ, సర్ఫ్ కఠిన జలంలోనూ నురగనిస్తాయి, తేడా తెలియదు. మా ఇంట్లో గీజర్ రాడ్డుకు తెల్లగా పేరుకునేది ఇదేనా సార్ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

బయాలజీ టీచర్లకు ఈ ఊరు ఇచ్చిన వరం దోమ. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్నాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆగస్టు అంటే మనకు వానాకాలం, వాడని కూలర్‌లోనో పాత టైరులోనో లార్వాలు దొరుకుతాయి. ఒక గాజు సీసాలో పట్టి, మూతికి దోమతెర గుడ్డ గట్టిగా కట్టి, రోజూ గమనింపజేయండి. లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకున్నట్టు ఉంటే మలేరియా మోసే అనాఫిలిస్, ఏటవాలుగా వేలాడితే క్యూలెక్స్ కానీ ఈడిస్ కానీ. రెక్కలొచ్చాక సీసా తెరవొద్దు, మొత్తాన్ని ఎండలో పెట్టి చంపేయాలి. ఈ మాట పిల్లలకు మొదటి రోజే గట్టిగా చెప్పండి.

అదే ఆగస్టులో ఇంకోటి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. మేలో సెలవులు. ఆగస్టు 3న మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలు దాటాక, గ్రౌండ్‌లో నిటారుగా నిలబెట్టిన పైపు నీడ మాయమైపోతుంది. మబ్బు పడితే నిరుత్సాహపడకండి, అటూ ఇటూ రెండు రోజులు కూడా నీడ దాదాపు ఉండదు. పన్నెండింటికే ఎందుకు కాదు అని పిల్లలు అడిగితే అది ఇంకో పీరియడ్‌కు సరిపడే ప్రశ్న.

బయటికి తీసుకెళ్లే వీలుంటే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అస్థిపంజరం చూపించండి, అది మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్. సీసీఎంబీ (జీవశాస్త్రం), ఐఐసీటీ (రసాయనశాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతికశాస్త్రం) పరిశోధన సంస్థలు మూడూ తార్నాక, హబ్సిగూడ దారిలోనే ఉన్నాయి, వాటి మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబర్ 26 చుట్టుపక్కల సాధారణంగా పిల్లలను లోపలికి రానిస్తారు, ముందే స్కూలు లెటర్‌హెడ్ మీద రాసి అడగండి. బస్సు ఖర్చు కుదరకపోతే దగ్గర్లోని బండరాయి దగ్గరికి నడిపించండి. మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూతద్దంలో చూస్తే గాజులాంటి క్వార్ట్జ్, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే అభ్రకం విడివిడిగా కనిపిస్తాయి. పిల్లలు రోజూ ఎక్కి ఆడుకునే రాయే అది.

ఇక ఇన్‌స్పైర్ మానక్ గురించి, అంటే స్కూలు పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డు. ఒక్కో స్కూలు నుంచి ఐదు ఆలోచనలు పంపొచ్చు, ఎంపికైన పిల్లల ఖాతాలో పది వేల రూపాయలు పడతాయి. బజార్లో దొరికే రెడీమేడ్ మోడల్ పంపకండి, దయచేసి. ఇంట్లో అమ్మ ఏ పనికి ఎక్కువ కష్టపడుతోంది, నాన్న ఆటోలో ఏ ఇబ్బంది పడుతున్నాడు అని అడిగితే పిల్లల దగ్గర నిజమైన ఆలోచనలు ఉంటాయి, మాటలు మీరు సరిచేసినా ఆలోచన వాళ్లదే ఉండనివ్వండి. బ్యాంకు ఖాతాలు జూన్‌లోనే తెరిపించండి, చివర్లో అందరూ ఇరుక్కునేది అక్కడే.

యాభై మందితో ఎలా అంటారా? ఆరుగురికో గ్రూపు, గ్రూపుకో కవర్ సంచి, సామాను అంతా అందులోనే. ఒకరు చేయాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, వచ్చే వారం పనులు మారాలి. గోల ఉంటుంది. పక్క క్లాసు మేడమ్‌కు ముందే చెప్పి ఉంచండి. ముందు రోజు ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి, అయినా క్లాసులో రాకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఎందుకు రాలేదో పిల్లలతోనే వెతికించండి.

ఒంటరిగా మాత్రం చేయకండి. కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే సమావేశంలో) కలిసే వాళ్లలో ఉత్సాహం ఉన్న ఇద్దరిని ముగ్గురిని పట్టుకుని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, గుడ్ మార్నింగ్‌లు లేకుండా, శనివారం శనివారం ఈ వారం ఏం చేశామో ఒక ఫొటో, ఏం రాలేదో ఒక వాక్యం. సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు మీ వైపు ఉంటే పలకరించండి, వాళ్ల చెకుముకి పత్రిక క్లాసులో ఒకటి ఉంచండి. పీఎస్ (ఫిజికల్ సైన్స్) సార్‌కు వచ్చింది బీఎస్ (బయాలజికల్ సైన్స్) మేడమ్‌కు, ఆమెకు వచ్చింది ఆయనకు నేర్పుకుంటే రెండు సబ్జెక్టుల పిల్లలకూ లాభమే. ఈ వారానికి మోటార్‌తో మొదలుపెట్టండి, తీగ ముక్క కోసం వైండింగ్ షాపుకు ఈ సాయంత్రమే వెళ్లొచ్చు.