కుట్ల డ్రెస్సింగ్ ఇంట్లోనే మారుస్తున్నారా?

ఆపరేషన్ అయి ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద "రోజు మార్చి రోజు డ్రెస్సింగ్" అని రాస్తారు. ఎలాగో చూపించేవాళ్లు తక్కువ. ఇంట్లో జరిగే పొరపాటు చాలావరకు ఒక్కటే: శుభ్రంగా ఉన్నదాన్ని స్టెరైల్ అనుకోవడం.

ఉతికి ఇస్త్రీ చేసిన పాత పంచె ముక్క శుభ్రమైనదే, స్టెరైల్ మాత్రం కాదు. స్టెరైల్ అంటే బతికున్న క్రిమి ఒక్కటీ ఉండకూడదు, స్పోర్లతో సహా. గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే క్రిమి రూపమే స్పోర్. ధనుర్వాతం క్రిమి వేసేది ఆ వేషమే, మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. అందుకే ఆసుపత్రుల్లో ఆటోక్లేవ్ వాడతారు. మన ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్న లాంటిది: 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీల ఆవిరి, కనీసం 15 నిమిషాలు. అలాగని వంటింటి కుక్కర్‌తో ప్రయోగాలు వద్దు, మందుల షాపులో స్టెరైల్ గాజ్ (కట్టుకు వాడే పల్చటి జాలీ గుడ్డ) ప్యాకెట్ దొరుకుతుంది. అది తడిసినా, చిరిగినా, గడువు దాటినా పారేయండి. సగం వాడి మిగతాది మడిచి రేపటికి దాచారా, ఇక అది మామూలు గుడ్డే.

మొదలుపెట్టే ముందు ఫ్యాన్ ఆపండి. ఉంగరాలు, గాజులు తీసి, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు చేతులు కడగండి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే బాలింతల చావులు బాగా తగ్గాయి. క్రిముల సంగతి ఇంకా తేలని రోజులవి.

పాత కట్టు విప్పి కవర్లో వేసి మూతి కట్టాక మళ్లీ చేతులు కడగాలి. అందరూ ఎగ్గొట్టేది ఈ రెండోసారే. కొత్త గాజ్‌ను అంచులతోనే పట్టుకోండి, కుట్లకు ఆనే వైపు వేలు తగలకూడదు. తుడవడం కుట్టు దగ్గర మొదలై బయటికి వెళ్లాలి, అదే ముక్కతో వెనక్కి రాకూడదు.

చర్మానికి పూసేది యాంటీసెప్టిక్, నేలకూ వస్తువులకూ వాడేది డిసిన్ఫెక్టెంట్. కుట్ల మీద డాక్టర్ రాసిందే వాడండి. పసుపు, కాఫీపొడి వద్దు. బీటాడిన్ పూసి మండుతుందని నోటితో ఊదకండి. నోట్లో క్రిములు తక్కువేం కాదు! దానంతటది ఆరాలి.

చీము, చెడు వాసన, జ్వరం, పెరిగే సలుపు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మొదటి రెండు మూడు రోజులు కుట్టు అంచుల్లో కాస్త ఎరుపు మామూలే. అనుమానంగా ఉంటే ఆ ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీయండి. గీత దాటి పాకితే మర్నాటిదాకా ఆగొద్దు.