బానెట్ కింద గరగర: బెల్ట్ టెన్షనర్ బేరింగ్ ఇంటి దగ్గర మార్చుకోవడం

ఇంజిన్ ముందు భాగంలో ఏ చప్పుడు వచ్చినా మన దగ్గర మొదట వినిపించే మాట "ఫ్యాన్ బెల్ట్ పోయింది, మార్చేద్దాం" అని. బెల్ట్ మారుతుంది, కొన్నాళ్లు చప్పుడు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఇలా తిరగబెట్టినప్పుడు చాలాసార్లు లోపం బెల్ట్‌ది కాదు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పుల్లీలోని బేరింగ్‌ది. అరచేతిలో ఇమిడే ఆ బేరింగ్ పట్టేస్తే బెల్ట్ కాలి తెగిపోతుంది. బెల్ట్ తెగితే డైనమో ఆగుతుంది, పవర్ స్టీరింగ్ పంపు దాని మీదే తిరిగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. వాటర్ పంపు కూడా అదే బెల్ట్ మీద ఉంటే కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఏటూరునాగారం పోయే దారిలో, తాడ్వాయి అడవి మధ్య, రాత్రిపూట ఇలా జరిగితే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. చప్పుడు చిన్నగా ఉన్నప్పుడే దాని జాడ పట్టాలి. జాడ తేలాకే పానా పట్టాలి.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదంతా ఇంజిన్ బయట కనిపించే బెల్ట్ గురించే. అంటే డైనమో, ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ పంపులను తిప్పే, పొడవునా గాడులున్న బెల్ట్. కవర్ లోపల ఉండే టైమింగ్ బెల్ట్ వేరు. దాని టెన్షనర్‌ను ఇంటి దగ్గర విప్పొద్దు. బెల్ట్ పళ్లు తప్పితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ లాంటి ఇంజిన్లలో టైమింగ్ చెయిన్ ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు. అయినా మీ బండిలో ఏది ఏ బెల్టో తేల్చుకోకుండా చెయ్యి పెట్టొద్దు.

చప్పుడు ఎక్కడిది?

ఏసీ వేయగానే, లేదా స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పగానే కీచుమని అరిచి ఆగిపోతే బెల్ట్ జారుతున్నట్టు. బిగువు తగ్గి ఉంటుంది, లేదా బెల్ట్ అరిగి ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పిట్ట కూసినట్టు కిచకిచమని, వేడెక్కాక తగ్గితే పుల్లీలు ఒకే వరసలో లేవేమో చూడాలి. గ్రీజు ఎండిపోవడం మొదలైన బేరింగ్ కూడా ఇలాగే కూస్తుంది. ఇక గరగరమని, గుర్రుమని, ఎక్సలరేటర్ తొక్కినకొద్దీ పెరుగుతూ, ఏసీ వేసినా ఆపినా మారకుండా ఉంటే అది బేరింగ్ సౌండే. ఏసీ వేసినప్పుడే గరగర వస్తే టెన్షనర్ జోలికి పోకుండా కంప్రెసర్ వైపు చూడండి.

నీళ్ల పరీక్ష సులువైనది. ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే సీసాతో, దూరం నుంచి, బెల్ట్ గాడుల వైపు కొద్దిగా నీళ్లు చల్లండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే బెల్ట్‌దో, పుల్లీల వరసదో లోపం. చప్పుడు ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు. ఏ తేడా లేకపోతే బేరింగ్ వైపు చూడండి. బెల్ట్‌కు సబ్బు, కొబ్బరినూనె, గ్రీజు రాయడం మాత్రం మానుకోండి. రబ్బరు పాడవుతుంది, జారడం పెరుగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

చేతి పరీక్ష అన్నిటికంటే నమ్మకమైనది. ఇంజిన్ ఆపి, చల్లారాక, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. కరెంటు రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బండ్లలో తాళం తీసేసినా దానంతట అదే తిరుగుతుంది. బెల్ట్ తీసి (తీసే పద్ధతి కింద 'విప్పడం' దగ్గర ఉంది) టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పండి. మంచి బేరింగ్ చప్పుడు లేకుండా, గ్రీజు పట్టు తెలిసేలా తిరిగి త్వరగా ఆగుతుంది. చాలాసేపు గిర్రున తిరుగుతూనే ఉంటే బాగుందని సంబరపడొద్దు, లోపల గ్రీజు అయిపోయినట్టు. తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు చేతికి తెలిస్తే బాల్స్, వాటి దారులు గుంటలు పడ్డట్టు. పుల్లీ అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ప్లే (వదులు) తెలిసినా మార్చాల్సిందే. అదే చేత్తో ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌కు దారి చూపే వట్టి పుల్లీ), డైనమో, వాటర్ పంపు కూడా తిప్పి చూడండి. చప్పుడు వాటిలో ఏదో ఒకదానిది కావచ్చు.

ఇంకా అనుమానం ఉంటే బెల్ట్ లేకుండానే బ్యాటరీ వైరు తగిలించి ఇంజిన్‌ను అర నిమిషం లోపు నడిపి ఆపేయండి. చప్పుడు పూర్తిగా పోతే అది బెల్ట్ తిప్పే భాగాల్లోదే. పోకపోతే ఇంజిన్ లోపలిది. ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

బేరింగ్ ఎందుకు పోయింది?

ఈ ప్రశ్న వేసుకోకుండా మార్చితే కొత్తదీ అదే దారి పడుతుంది. మొదటిది వేగం, వేడి. టెన్షనర్ పుల్లీ చిన్నది, ఇంజిన్ నుంచి బెల్ట్‌ను తిప్పే క్రాంక్ పుల్లీ పెద్దది. క్రాంక్ పుల్లీ అడ్డకొలత దీనికి రెట్టింపు ఉంటే, ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగినప్పుడు ఇది 6000 చుట్లు తిరుగుతుంది. అదీ ఇంజిన్ వేడి పక్కనే. రామగుండం, మంచిర్యాల వైపు ఎండాకాలంలో బయటే 45 డిగ్రీలు దాటే రోజుల్లో బానెట్ కింద గ్రీజు మీద ఎంత భారం పడుతుందో ఊహించుకోవచ్చు.

రెండోది దుమ్ము. గోదావరిఖనిలో బొగ్గు పొడి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో రాతి పొడి, పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టూ దూది పీచు. చాలా పుల్లీలకు బోల్టు మీద చిన్న దుమ్ము మూత ఉంటుంది. ఒకసారి విప్పినవాళ్లు దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోతారు. ఆ చిన్న మూత లేకపోవడమే బేరింగ్ సీల్‌కు చేటు. దూది పీచు సీల్ అంచున చుట్టుకుని దాన్ని పైకి లేపుతుంది.

మూడోది నీళ్లు. వేడి మీదున్న బేరింగ్ ఒక్కసారిగా నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, సీల్ సందుల్లోంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. వానాకాలంలో లోలెవెల్ కల్వర్టుల మీద నీళ్లలోంచి దాటే బండ్లకు ఈ బాధ ఎక్కువ. 2023 జులై వరదల్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లో మునిగిన బండ్లలాంటివైతే, నీళ్లు ఇంకి ఎంత కాలమైనా ఈ బేరింగ్‌ను తిప్పి చూడాల్సిందే. వాటర్ సర్వీసింగ్ చేయించేటప్పుడు ప్రెషర్ పైపును పుల్లీల మీదికి గురిపెట్టనివ్వొద్దు.

నాలుగోది టెన్షనర్ చెయ్యి, అంటే పుల్లీని స్ప్రింగ్ బలంతో బెల్ట్ మీదికి నొక్కి పట్టే కడ్డీ. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా దాన్ని గమనించండి. కొద్దిగా కదలడం సహజం. దడదడా కొట్టుకుంటుంటే స్ప్రింగ్ పట్టో, ఊపును అణిచే లోపలి డ్యాంపరో పోయింది. డైనమోకు క్లచ్ పుల్లీ ఉండి అది పట్టేసినా ఇలాగే కొట్టుకుంటుంది. బెల్ట్ పుల్లీ అంచుకు జరిగి నడుస్తుంటే చెయ్యి వాలిపోయినట్టు. అప్పుడు బేరింగ్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ. టెన్షనర్ మొత్తం మార్చాలి. ఆ స్ప్రింగ్ డబ్బాను విప్పి బాగుచేద్దామనుకోవద్దు, ఎగిరి కొడుతుంది.

ఏం కొనాలి?

మూడు దారులున్నాయి. బేరింగ్ ఒక్కటే, బేరింగ్‌తో కలిసిన పుల్లీ, లేదా టెన్షనర్ మొత్తం. నా ఉద్దేశంలో టెన్షనర్ చెయ్యి బాగుండి, పుల్లీ విడిగా దొరికితే అదే తీసుకోవడం మేలు. బేరింగ్ చుట్టూ ప్లాస్టిక్ పోత పోసినవి, ఇనుప రేకు మడిచి బిగించినవి ఎలాగూ విడదీయలేం. పుల్లీ దొరకనప్పుడు, అదీ బేరింగ్‌ను ప్రెస్ చేసిన ఇనుప పుల్లీ అయినప్పుడే బేరింగ్ ఒక్కటి మార్చడం లాభం.

పాత బేరింగ్ మీద నంబరు చదవండి. ఉదాహరణకు 6203 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి కొలత 40, మందం 12. 6202 అయితే 15, 35, 11. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి. నంబరు తర్వాత వచ్చే అక్షరాలు కూడా ముఖ్యం. 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీల్. ఎన్ఎస్‌కే కంపెనీ వాళ్లు దాన్నే డీడీయూ అని, ఎన్‌టీఎన్ కంపెనీ వాళ్లు ఎల్ఎల్‌యూ అని రాస్తారు. జెడ్‌జెడ్ అంటే రేకు మూత. అది దుమ్మును పూర్తిగా ఆపదు, మన రోడ్లకు పనికిరాదు. పాతదాని మీద సీ3 అని ఉంటే కొత్తదాని మీదా ఉండాలి. వేడికి వ్యాకోచించడానికి లోపల ఇచ్చిన అదనపు సందు అది. కొలత ఒకటే కదా అని మోటారు పంపు బేరింగ్ వేస్తే ఆ వేడికీ, ఆ వేగానికీ నిలవకపోవచ్చు. షాపులో "ఆటోమొబైల్ టెన్షనర్‌కు" అని చెప్పి అడగండి. పేరున్న కంపెనీల నకిలీ సరుకు కూడా తిరుగుతోంది కాబట్టి బిల్లిచ్చే డీలర్ దగ్గరే తీసుకోండి.

పాత బేరింగ్‌లోకి సిరంజితో గ్రీజు ఎక్కించే పద్ధతి ఒకటుంది. ఊరు చేరేదాకా పనికొస్తుందేమో కానీ, గుంటలు పడిన దారులను గ్రీజు పూడ్చలేదు.

విప్పడం

బెల్ట్ తీసే ముందే అది ఏ పుల్లీ మీద ఎటు తిరిగిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కండువా, వేలాడే దుస్తులు వద్దు. కింది నుంచి పని ఉంటే బండిని జాకీ మీద మాత్రమే వదిలి కిందికి దూరొద్దు. జాకీ స్టాండులు కావాలి, బండరాళ్లు పనికిరావు.

టెన్షనర్ మీద పానా పట్టే చోటో, చదరపు రంధ్రమో ఉంటుంది. పొడుగు పిడి పానాతో దాన్ని మెల్లగా తిప్పితే బెల్ట్ వదులవుతుంది. పిన్ను పెట్టే రంధ్రం ఉంటే ఆలెన్ కీ దూర్చి ఆపండి. టెన్షనర్‌ను ఒక్కసారిగా వదిలేస్తే వేళ్లు నలుగుతాయి.

పుల్లీ బోల్టు దగ్గర జాగ్రత్త. కొన్ని టెన్షనర్లలో దానికి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు బోల్టుకు తిరగేసి తిప్పితేనే ఊడుతుంది. ముఖ్యంగా ఆ బోల్టునే పట్టి టెన్షనర్‌ను తిప్పాల్సిన డిజైన్లలో. మాన్యువల్‌లో చూసుకోండి. ఊడడం లేదని బలం పెంచుకుంటూ పోతే బోల్టు తెగి టెన్షనర్ చెయ్యిలోనే ఉండిపోతుంది.

బేరింగ్ తీయడం, ఎక్కించడం

సర్‌క్లిప్ (బేరింగ్‌ను పట్టి ఉంచే రింగు క్లిప్పు) ఉంటే ముందు దాన్ని తీయాలి. బేరింగ్ పుల్లీలో ఎంత లోతున కూర్చుందో, ఏ వైపు ఏ బుష్, ఏ వాషర్ ఉందో రాసుకోండి. లోతు మారితే పుల్లీ వరస తప్పుతుంది, బెల్ట్ పక్కకు నడుస్తుంది.

గట్టి వైస్ ఉంటే ఒక వైపు బేరింగ్ కంటే కాస్త పెద్ద సాకెట్, రెండో వైపు చిన్న సాకెట్ పెట్టి బిగిస్తూ పోతే పాతది బయటికొస్తుంది. కొత్తదాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచండి, పుల్లీని చేత్తో పట్టుకోలేనంత వేడి చేయండి. అప్పుడు తేలిగ్గా దిగుతుంది. సీల్ ఉన్న బేరింగ్‌ను మాత్రం వేడి చేయొద్దు.

ఈ పనిలో అసలు కీలకం ఇది: పుల్లీలోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ ద్వారా దారుల మీద పడి కంటికి కనిపించని గుంటలు చేస్తుంది. వేసిన రోజే బేరింగ్ పాడైపోతుంది. పాత బేరింగ్‌నే పైన పెట్టి దాని బయటి రింగుతో నొక్కడం మంచి ఉపాయం. సుత్తె వాడాల్సిన పరిస్థితి వస్తే ఆగి లేత్ షాపుకు తీసుకెళ్లండి. ప్రెస్ మీద వాళ్లకు నిమిషాల పని.

బేరింగ్ చేత్తోనే జారి కూర్చుంటే సంతోషించొద్దు. పుల్లీ రంధ్రం అరిగిపోయిందని అర్థం. అంచున పంచ్ గుర్తులు కొట్టి బిగించడం నిలవదు, పుల్లీ మార్చాలి.

బిగించేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) చూసుకోండి. దుమ్ము మూత పెట్టండి. ఫొటో చూస్తూ బెల్ట్ వేయండి, చివరగా అందుబాటులో ఉన్న నున్నటి పుల్లీ మీదికి ఎక్కిస్తే సులువు. ప్రతి గాడిలో బెల్ట్ సరిగ్గా కూర్చుందో వేలితో తడిమి చూడండి. క్రాంక్‌ను పానాతో, ఇంజిన్ తిరిగే వైపే, రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయండి. టెన్షనర్ లేని పాత బండ్లలో డైనమోను జరిపి బెల్ట్ బిగిస్తారు. అక్కడ అతిగా బిగిస్తే డైనమో, వాటర్ పంపు బేరింగులు పోతాయి.

మార్చాక కూడా చప్పుడు ఉంటే

కిచకిచ మిగిలితే బెల్ట్ చూడండి. ఇప్పటి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు పాతవాటిలా త్వరగా పగుళ్లు చూపవు, గాడులు లోతుగా అరుగుతాయి. పైకి బాగానే కనిపిస్తూ జారుతాయి. 6పీకే1750 అని ఉంటే ఆరు గాడులు, 1750 మిల్లీమీటర్ల పొడవు. అదే నంబరుది తీసుకోండి. పక్కపక్కన ఉన్న పుల్లీల ముఖాల మీద తిన్నని స్కేలు ఆనించి, మధ్యలో సందు వస్తోందేమో చూడండి. సందు వస్తే బేరింగ్ లోతు తప్పిందో, వాషర్ తారుమారైందో. గరగర అలాగే ఉంటే ఐడ్లర్ పుల్లీ వైపు తిరగండి. టెన్షనర్ పడ్డ దుమ్ము, వేడి, నీళ్లు అదీ అన్నేళ్లూ పడింది, దాని బేరింగ్ మార్చే పద్ధతీ ఇంతే.