ఎంజీబీ కింద దూరే ముందు

పోయిన శనివారం ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో మా మిత్రుడి గ్యారేజీలో జాకీ మీదున్న ఎంజీబీ, అదే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, కూలింది. అంతకు నిమిషం ముందే కొరియర్ వాళ్లు బెల్ కొడితే లేచి వెళ్లాడు కాబట్టి మనిషి దక్కాడు. ఆయన పడుకున్న అట్టముక్క కారు కిందే నలిగి ఉంది. నేను వెళ్లి చూశాను. జాకీ జారలేదు. తలుపు కింద పొడవునా ఉండే పెట్టెలాంటి రేకు, అదే సిల్, లోపలికి దిగబడిపోయింది. పైన ఎర్ర రంగు నిగనిగలాడుతోంది, కింద రేకు అప్పడంలా చిట్లి దోసెడు తుప్పు రాలింది.

చలికాలం రాగానే పాత బండి విప్పుదామనుకునేవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. గ్లౌజులు, కళ్లద్దాల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే: జాకీ పని ఎత్తడం వరకే. ఎత్తాక బరువు కారును మోసే ఇనుప స్టాండ్ల మీదే ఉండాలి.

ఎంజీబీకి (1962–1980 మధ్య తయారైంది) విడిగా ఛాసిస్, అంటే అడుగున మోసే చట్రం, లేదు. బాడీకి ముఖ్యమైన బలం ఆ సిల్లే. నీళ్లు చేరి ముందు పుచ్చిపోయేదీ అదే, కారుతో వచ్చే జాకీ తగిలించేదీ అక్కడే. అందుకే ఎత్తే ముందు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగిందా, అక్కడ జాకీ పెట్టొద్దు. ముందు వైపు క్రాస్‌మెంబర్ (చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం) కింద, వెనక వైపు యాక్సిల్ (ఇరుసు) కింద ఎత్తి స్టాండ్లు పెట్టండి. ఇటుకలు వద్దు, పగులుతాయి. పెట్టాక కారును చేత్తో ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. విప్పిన చక్రాలను కూడా కారు కిందికి తోసి ఉంచండి.

పుచ్చిన సిల్ మార్చడానికి కోసే ముందు తలుపు ఖాళీలో ఇనుప పైపు అడ్డంగా వెల్డ్ చేయాలి. లేదంటే బాడీ నడుములో కుంగుతుంది, ఆ తర్వాత ఎంత తంటాలు పడ్డా తలుపు సరిగా పడదు. రెండు వైపులా ఒకేసారి కోయొద్దు.

వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు విప్పి బయట పెట్టండి. ఖాళీ ట్యాంకు అని ధీమా వద్దు, లోపలి ఆవిరే పేలుతుంది. బ్యాటరీ తీగలు తీయండి. పాత మోడళ్లలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి, రెండూ చూసుకోండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద వెల్డింగ్ వద్దు. అందులో క్లోరిన్ రకం ఉంటే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత బ్రేకుల దుమ్ము ఊదొద్దు, ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పాత రంగు పొడిగా గీకొద్దు. గ్యారేజీ తలుపు మూసి ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. వెల్డింగ్ అయ్యాక ఎక్కడైనా నిప్పు రాజుకుంటుందేమో చూస్తూ గంటసేపు అక్కడే ఉండండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిందికి దూరొద్దు. జాకీ మీదున్న కారు కిందికి వెళ్లొద్దు. ఒక్క నట్టే కదా అని కూడా వెళ్లొద్దు. కిందికి దొర్లిన స్పానర్ కోసం చెయ్యి కూడా పెట్టొద్దు.