గండికోట రోడ్డుకి చైన్ బండా, బెల్ట్ బండా

వానలు మొదలైతే చాలు, మన అనంతపురం పిల్లోళ్లందరికీ గండికోట గుర్తొస్తాది. ఈ వారంలోనే ముగ్గురు అడిగినారు, అన్నా పెద్ద బైకు కొంటాండా, ఇంజన్ నుంచి వెనక చక్రాన్ని తిప్పేదానికి చైన్‌ది తీసుకోవాల్నా బెల్ట్‌ది తీసుకోవాల్నా అని. నేనడిగేది ఒకటే, నువ్వు తిరిగే రోడ్డేది అబ్బాయా?

కర్నూలు నుంచి బెంగళూరు దాకా 44 హైవే మీదనే తిరిగేవాడికి బెల్ట్ అంత సుఖం ఇంకోటి లేదు. ఆయిల్ కొట్టే పని లేదు, చప్పుడు లేదు, ప్యాంటుకు మరక అంటదు, రాళ్లు తగలకపోతే చైన్ కంటే రెండింతలు పైనే వస్తాది. కానీ మన తిప్పలన్నీ రాయితోనే గదా. తాడిపత్రి, బేతంచెర్ల పక్క బండల లారీలు పోయే రోడ్లు చూడండి, మలుపు దగ్గరంతా నాపరాయి చిప్పలే. పోయినేడు మా ఫ్రెండు బెల్ట్ బండి ముద్దనూరు దాటినాక టకటకమంటాంటే పక్కకు ఆపి ఫోన్ లైటు వేసి చూసినాం, బెల్ట్ తిరిగే వెనక పుల్లీ పళ్ల సందులో శనగ గింజంత రాయి, బెల్టుకు నడిమధ్యలో బొక్క, లోపలి దారాలు బయటికి తేలినాయి. ఇంక దాన్ని దారిలో అతికేది ఉండదు, చాలా బండ్లకు వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కూడా ఊడదీస్తే గానీ కొత్త బెల్ట్ ఎక్కదు. బండి మినీ లారీ ఎక్కింది, మేం బస్సు ఎక్కినాం.

అందుకే మట్టి, కంకర దారుల్లో తిరిగేవాళ్లకు నా ఓటు చైన్‌కే. బెల్టుకు పేరుపడ్డ హార్లే డేవిడ్సన్ కంపెనీ కూడా 2023లో ఎక్స్440 బండికి చైనే పెట్టింది మరి. దారిలో తెగినా చైన్ కట్టర్, స్పేర్ లింకు దగ్గరుంటే మెల్లగా ఊరు చేరొచ్చు. అట్లని తెగితే తెగనీలే అనుకోవద్దు, పవర్ ఉన్న బండికి స్పీడ్‌లో చైన్ తెగితే వెనక చక్రం పట్టేయొచ్చు, ఇంజన్ కేసు కూడా పగలొచ్చు. స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే చక్రం, దాని పళ్లు కొక్కెంలా ఒంగినాయంటే వానల ముందే చైన్, స్ప్రాకెట్లు సెట్ మొత్తం మార్చేయండి, చైన్ ఒక్కటే మారిస్తే పాత పళ్లు కొత్త చైన్‌ని తినేస్తాయి.

ఇంక చైన్ బిగింపు. టైట్‌గా ఉంటే మంచిదనుకునేవాళ్లు చానామంది ఉండారు. వెనక మనిషి కూర్చొని గుంతలో పడినప్పుడు చైన్ ఇంకా బిగుసుకుంటాది, ఆ దెబ్బంతా గేర్‌బాక్స్ బేరింగ్‌కి పోతాది. చాలా రోడ్డు బండ్లకు చైన్ కింద వరస పైకీ కిందికీ ఆడే ఆట 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటాది, మీ బండి కొలత మాన్యువల్‌లో చూసుకోండి, చక్రం తిప్పుతా నాలుగు చోట్ల కొలవండి ఎందుకంటే చైన్ అంతా ఒకేలా అరగదు. రైడ్ నుంచి వచ్చినాక చైన్ వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ కొట్టి, కొంచెం ఆగి పైపైన ఉన్నది తుడిచేయండి. తుడవకపోతే మన దుమ్ము దానికి పట్టుకొని ఉప్పు కాగితం రుద్దినట్టే. నల్లరేగడిలో దిగొచ్చినారంటే ముందు వైపు స్ప్రాకెట్ మూత కింద ఇరుక్కున్న బురదని పుల్లతో గీకండి, ఆరితే రాయే అది. పెట్రోలు, వైర్ బ్రష్ వద్దు, లింకుల మధ్యన రబ్బరు రింగులు పాడైతాయి.

ఇది మాత్రం చెవిలో పెట్టుకోండి, ఇంజన్ ఆన్ చేసి, గేర్ వేసి, గుడ్డ పట్టుకొని చైన్ తుడవొద్దు. గుడ్డ పళ్లలో పడితే వేలు దాని వెనకాలే పోతాది, కేకేసే టైము కూడా ఉండదు. చేత్తో చక్రం తిప్పినా వేళ్లు స్ప్రాకెట్‌కి దూరంగానే పెట్టండి.

బెల్ట్ ఉన్నవాళ్లు బండి చల్లగా ఉన్నప్పుడు పళ్లు పగిలినాయా, అంచులు పీచు లేచినాయా చూసుకోండి, కంకర దాటినాక ఒకసారి ఆగి రాయి ఇరుక్కుందేమో చూడండి, కడిగేదానికి సబ్బు నీళ్లు చాలు. పోయినసారి వాటర్ సర్వీస్ పిల్లోడు ప్రేమ కొద్దీ మా వాడి కొత్త బెల్టుకి కూడా ఆయిల్ కొట్టబోయినాడు, పరిగెత్తి చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది.