సీ డ్రైవ్‌లో ఫోల్డర్ తీసేశారా? రికవరీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే ఇవి చూడండి

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర మా సర్వీస్ షాపుకు ఈ కేసులు వస్తూనే ఉంటాయి. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయిందని ఏవో ఫోల్డర్లు తీసేస్తారు, తర్వాత టెన్షన్‌లో ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ దించి అదే సీ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసి, రాత్రంతా స్కాన్ పెట్టి, పొద్దున మా దగ్గరికి తెస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పోయిన ఫైలు ఉన్న చోటే ఆ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ముందు రీసైకిల్ బిన్ తెరిచి చూశారా? చాలామంది చూడరు.

విండోసే రావడం లేదు

పర్మిషన్లు మార్చి సిస్టమ్ ఫోల్డర్లు తీసేస్తే ఇలా అవుతుంది. మీ ఫోటోలు, డాక్యుమెంట్లు ఉండేది యూజర్స్ ఫోల్డర్‌లో, దాన్ని ముట్టుకోకపోతే అవి అలాగే ఉంటాయి. ఉబుంటు (విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా ‘ట్రై’ ఎంచుకుని, యూజర్స్ మొత్తం బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది. కాపీ అయ్యాకే కొత్త విండోస్. షాపులో ఇచ్చేటప్పుడు "ముందు డేటా తీయండి, ఫార్మాట్ చేయొద్దు" అని గట్టిగా చెప్పండి. ఫార్మాట్ చేయకుండా పైనే విండోస్ వేసేసి ఉంటే విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పాతవి ఉంటాయి, 10 రోజులు దాటితే దాన్ని విండోసే తీసేస్తుంది.

విండోస్ వస్తోంది, డెస్క్‌టాప్ ఖాళీ, స్కాన్‌లో ఏమీ దొరకడం లేదు

నన్ను దెబ్బ తీసింది ఇదే.

ధర్మవరం నుంచి ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చాడు, పట్టుచీరల డిజైన్లు వేస్తాడు. కొంగులు, బుటాలు, బోర్డర్లు అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవాడు, శ్రావణమాసం ఆర్డర్లు మీద పడి ఉన్నాయి. "వన్‌డ్రైవ్ అని ఒక ఫోల్డర్ ఉంటే తీసేశానన్నా, నేను దాన్ని వాడనే వాడను" అన్నాడు. వన్‌డ్రైవ్ అంటే ఫైళ్లను నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు, నేను మాత్రం ఆ మాట పట్టించుకోలేదు. రెండు రోజులు స్కాన్ చేశాను, ఒక్క డిజైన్ కూడా రాలేదు, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) కదా, అందులో తీసేసినవి తిరిగి రావడం కష్టం, పోయినట్టే అని చెప్పి పంపించాను. అన్నీ మళ్లీ మొదటి నుంచి గీసుకున్నాడు పాపం.

రెండు నెలలకు వేరే పని మీద వచ్చినప్పుడు అతని మెయిల్ తెరిచాం. పెద్ద సంఖ్యలో ఫైళ్లు డిలీట్ అయ్యాయని వన్‌డ్రైవ్ పంపిన మెయిల్, సరిగ్గా ఆ రోజుదే, చదవకుండా అలాగే ఉంది.

జరిగింది ఇది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయి ఉంటే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్లిపోతాయి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అకౌంట్ పెట్టేటప్పుడు ఏదో ఒక స్క్రీన్‌లో సరే అని నొక్కి ఉంటారు, మీకు గుర్తుండదు. ఆ ఫోల్డర్‌లో ఉన్నవి తీసేస్తే ఇక్కడా పోతాయి, నెట్‌లోనూ పోతాయి. పైగా ఫైలు పక్కన నీలం మబ్బు గుర్తు ఉందంటే అది మీ డిస్కులో లేదు, నెట్‌లో మాత్రమే ఉంది, కాబట్టి డిలీట్ చేసినా కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, ఎంత స్కాన్ చేసినా దొరకదు.

పరిష్కారం ఐదు నిమిషాలు. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి, ఎడమ పక్కన రీసైకిల్ బిన్ ఉంటుంది, అన్నీ సెలెక్ట్ చేసి రిస్టోర్ నొక్కండి. సొంత అకౌంట్‌కు గడువు 30 రోజులు, ఆఫీసు లేదా కాలేజీ అకౌంట్‌కు మామూలుగా 93. ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చింది డిలీట్ చేసిన నాలుగో రోజు. అప్పుడే ఇది తెరిచి ఉంటే అన్నీ వచ్చేవి, మెయిల్ చూసేసరికి బిన్ ఖాళీ. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట అడిగేది మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డే. ఇంకొకటి, ఉచిత అకౌంట్‌లో పట్టేది 5 జీబీ, అది నిండాక పెట్టిన ఫైళ్లు నెట్‌లోకి వెళ్లవు, వాటిని డిస్కులోనే వెతకాలి.

షిఫ్ట్ డిలీట్ కొట్టారు, వన్‌డ్రైవ్ లేదు

టాస్క్ మేనేజర్‌లో పర్‌ఫార్మెన్స్ ట్యాబ్ చూస్తే డిస్కు ఏ రకమో రాసి ఉంటుంది. హెచ్‌డీడీ (లోపల తిరిగే పాత రకం హార్డ్ డిస్కు) అయితే వెంటనే ఆపేసి, డిస్కు తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి రెక్యూవా గానీ ఫోటోరెక్ గానీ (రెండూ రికవరీ సాఫ్ట్‌వేర్లే) నడపండి, దొరికినవి వేరే డిస్కులో సేవ్ చేయండి. ఎస్‌ఎస్‌డీలో మాత్రం ట్రిమ్ అనేది తీసేసిన చోటును డిస్కుకు చెప్పి ఖాళీ చేయిస్తుంది, ఆశ తక్కువ.

మిగతావి అరుదు. టెంపరరీ ప్రొఫైల్ అని మెసేజ్ వస్తే ఆ లాగిన్‌లో ఏమీ సేవ్ చేయకండి, రీస్టార్ట్ చేసి చూడండి. వైరస్ ఫైళ్లను దాచేస్తే హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే కనిపిస్తాయి. డిస్కులోంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే కరెంట్ తీసేసి, డేటా రికవరీ ల్యాబ్‌కు పంపండి.