వరంగల్ సన్నాల జీన్ జపాన్ డేటాబేస్‌లో ఎట్లా చూడాలి?

అన్నం పలుకుగా ఉంటుందా, ముద్దవుతుందా అన్నది చాలావరకు బియ్యంలోని అమైలోజ్ అనే పిండిపదార్థాన్ని బట్టి ఉంటుంది, అమైలోజ్ తయారీకి ముఖ్యమైన జీన్ వ్యాక్సీ. కాకతీయ యూనివర్సిటీలో బయోటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీంతోనే మొదలుపెట్టండి.

ముందు జపాన్ వాళ్ల వరి జీన్ల డేటాబేస్ రాప్-డీబీ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో వ్యాక్సీ జీన్ నంబర్ ఓఎస్06జీ0133000 అని కొట్టండి. ఓఎస్ అంటే ఒరైజా సటైవా, అంటే వరి. 06 అంటే ఆరో క్రోమోజోమ్. జీ అంటే జీన్. ఈ నంబర్ అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. పరిశోధకులు పేపర్లు చదివి స్వయంగా సరిచూసి రాసిన వివరాలు కూడా అందులో ఉంటాయి, నాకు బాగా నచ్చేది అదే.

తర్వాత కెగ్. 1995లో క్యోటో యూనివర్సిటీలో మినోరు కనెహిసా మొదలుపెట్టిన డేటాబేస్ ఇది, జీన్లు, ఎంజైమ్‌లు కలిసి ఎట్లా పనిచేస్తాయో మ్యాప్‌లుగా చూపిస్తుంది. పిండిపదార్థం, చక్కెరల తయారీ, మార్పులను చూపే 00500 నంబర్ మ్యాప్‌లో వరిని ఎంచుకుంటే, వరిలో ఉన్న ఎంజైమ్‌ల డబ్బాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి, ఒక్కోదాన్ని నొక్కి చూడండి.

ఒక్కటి మాత్రం మరవొద్దు: రాప్-డీబీకి ఆధారం నిప్పొన్‌బారే అనే వరి, అది జపోనికా ఉపజాతి. మన సన్నాలు ఇండికా ఉపజాతి. అందుకే అక్కడి సీక్వెన్స్‌ని మన వడ్లకు అట్లాగే అంటగట్టకండి, పోల్చి చూడండి. చూసిన తేదీ, వెర్షన్ నోట్‌బుక్‌లో రాసుకోండి.