మన జిల్లాకు ప్రభుత్వ పెట్టుబడి ఎంత వచ్చిందో లెక్క తేల్చుకోవడం ఎలా?

ఉత్తరాంధ్రకు అన్యాయం జరిగిందన్న మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట నిజమేనని నేనూ నమ్ముతాను. అయితే అంకె లేని ఫిర్యాదును పక్కన పెట్టడం అధికారులకు చాలా సులువు. ఆర్థికశాస్త్రం చదవని పౌరుడైనా, కొంత ఓపిక ఉంటే, ఈ లెక్క తానే కట్టవచ్చు.

ముందుగా ఏ డబ్బును లెక్కించాలో నిర్ణయించుకోవాలి. జీతాలు, పింఛన్లు అన్ని జిల్లాలకూ ఎంతో కొంత చేరతాయి. ప్రాంతాల మధ్య అంతరాన్ని పెంచేదీ తగ్గించేదీ కాలువలు, రోడ్లు, ఆసుపత్రి భవనాల మీద పెట్టే మూలధన వ్యయం. రాష్ట్ర బడ్జెట్‌లో భారీ నీటిపారుదలకు 4700, రోడ్లు, వంతెనలకు 5054, వైద్యం, ప్రజారోగ్యానికి 4210 అనే నంబర్లతో మూలధన పద్దులు ఉంటాయి. నీటిపారుదల పద్దుల్లో వంశధార వంటి ప్రాజెక్టులు పేరుతోనే కనిపిస్తాయి గనుక అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

బడ్జెట్ పుస్తకాల్లో ఒక్కో పనికి బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ లెక్క అని వేర్వేరు వరుసలు ఉంటాయి. సభల్లో వినిపించేది మొదటిది, మనకు కావలసింది చివరిది. వాస్తవ లెక్క రెండేళ్ల కిందటి సంవత్సరానిదే దొరుకుతుంది. అయినా కేటాయించిన సొమ్ములో ఎంత ఖర్చయిందో చెప్పేది అదొక్కటే గనుక ఆ ఆలస్యాన్ని భరించాలి.

తరువాత ఆ మొత్తాన్ని జనాభాతో భాగించాలి. ఉదాహరణకు, రాష్ట్ర విభజన తరువాత కేంద్రం ఉత్తరాంధ్ర, రాయలసీమల్లోని ఏడు వెనుకబడిన జిల్లాలకు ప్రత్యేక సాయంగా జిల్లాకు ఏటా 50 కోట్ల రూపాయల చొప్పున 2014-15 నుంచి మూడేళ్లపాటు ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళంలో 27.03 లక్షల మంది, విజయనగరంలో 23.44 లక్షల మంది ఉన్నారు. అంటే శ్రీకాకుళంలో మనిషికి ఏడాదికి సుమారు 185 రూపాయలు, విజయనగరంలో 213 రూపాయలు. పెద్ద ప్యాకేజీగా వినిపించిన సాయం తలసరిన ఎంత చిన్నదో ఈ ఒక్క భాగహారమే చూపిస్తుంది. జిల్లాలన్నిటికీ సమానంగా పంచిన సొమ్ము మనుషులకు సమానంగా చేరదన్న సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది.

ఒక్క ఏడాది అంకెతో తీర్పు చెప్పకూడదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు ఇచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం వంటిది నడిచే సంవత్సరాల్లో శ్రీకాకుళం తలసరి వ్యయం హఠాత్తుగా పెరిగినట్లు కనిపిస్తుంది. కిడ్నీ వ్యాధితో దశాబ్దాలుగా బాధపడుతున్న పల్లెలకు ఆలస్యంగా అందిన నీటిని అదనపు వరంగా లెక్కించడం న్యాయం కాదు. అందుకే కనీసం అయిదేళ్ల సగటు తీసుకుని, అదే కాలానికి కృష్ణా, గుంటూరు వంటి జిల్లాల సగటుతో పోల్చాలి.

పోల్చేటప్పుడు సరిహద్దులు గమనించాలి. 2022 ఏప్రిల్ 4న పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం ప్రాంతం విజయనగరంలోకి వెళ్లాయి. ఆ తేదీకి ముందరి ఖర్చును పాత జిల్లా జనాభాతోనూ, తరువాతి ఖర్చును మండలాల జనాభా కూడి తెచ్చిన కొత్త మొత్తంతోనూ భాగించకపోతే లెక్క తప్పుతుంది.

రోడ్ల ఖర్చు బడ్జెట్ పుస్తకంలో జిల్లాల వారీగా తేలకపోతే, సమాచార హక్కు చట్టం కింద జిల్లా స్థాయి కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయాలి. “జిల్లా అభివృద్ధికి ఏం చేశారు” అని అడిగితే ప్రయోజనం ఉండదు. “ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు చేపట్టిన మూలధన పనుల పేర్లు, ఒక్కొక్కదానికి మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం, చెల్లించిన బిల్లులు, పెండింగ్ బిల్లులు మండలాల వారీగా ఇవ్వగలరు” అని రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. మండలాల వారీ వివరం అడగడం ముఖ్యం, ఎందుకంటే జిల్లా సగటు బాగున్నా సీతంపేట ఏజెన్సీ గ్రామాల వాటా అందులో కనిపించదు.

బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో శాసనసభ ముందుకు వస్తుంది, శాఖల ప్రతిపాదనలు అంతకుముందే సిద్ధమవుతాయి. కాబట్టి తేల్చిన లెక్కను ఒకే పేజీలో రాసి, ఏ పనికి ఎంత కావాలో పక్కనే చూపి, సంక్రాంతికి ముందే కలెక్టరుకూ ఎమ్మెల్యేకూ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి.